గట్టు చివర నిలబడితే చాలు

"కాస్త పక్కకి జరుగుతారా? ఓడ కనబడటం లేదు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. రాతి గట్టు మీద ఒక అమ్మాయి కెమెరా కంటికి ఆనించుకుని నిలబడి ఉంది. కెమెరా ముందు మూరెడు పొడవు లెన్సు. అది సరిగ్గా అతని వీపుకి గురిపెట్టి ఉంది.

"ఇంత సముద్రం ఉండగా నా వెనకే దొరికిందా మీకు చోటు?"

"ముందొచ్చింది నేను. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాను. మీరే వచ్చి సినిమా హీరోలా మధ్యలో నిలబడ్డారు."

అతను జరిగాడు. కానీ ఓడ వెళ్తున్న వైపుకే జరిగాడు. ఆమె విసుగ్గా రెండడుగులు ముందుకొచ్చింది. ఈలోగా తెల్లటి ఓడ ఒకటి గట్టు కొసని దాటి రేవులోకి వెళ్ళిపోయింది. దాని వెనకే ఓడల్ని లాగే టగ్ బోటు, నీళ్ళ మీద నురగ.

"పోయింది," అని కెమెరా దించింది ఆమె. "కొత్తల్లుడు వెళ్ళిపోయాడు."

"ఎవరు?"

"ఆ తెల్ల ఓడ. కార్లు మోసుకొస్తుంది. ఒంటి మీద ఒక్క మరక లేకుండా, ఎవరితోనూ మాట కలపకుండా ఎలా వస్తుందో చూశారుగా. అందుకే కొత్తల్లుడు."

అతనికి నవ్వొచ్చింది. "మరి అదిగో, ఆ చివరి క్రేను కింద ఎర్రగా ఉందే, దాని పేరేంటి?"

"అదా, మేనత్త. ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది. రాగానే హారన్ కొట్టి అందరినీ అదిలిస్తుంది. పోయేటప్పుడు దొరికినవన్నీ మూటగట్టుకుపోతుంది."

"నేనందులో థర్డ్ ఇంజనీర్ని."

 ఆమె లెన్సుకి మూత పెడుతూ అంది.

"మేనత్తగారి తరఫువాళ్ళా? ముందే చెప్పొచ్చుగా. ఇంకో రెండు మంచి మాటలు కలిపేదాన్ని."

ఆమె రేవు గేటు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. పాస్‌పోర్టు ఫోటోలు, ఓడల మీదికి వెళ్ళేవాళ్ళ గుర్తింపు కార్డుల ఫోటోలు తీస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషులకి "నవ్వకండి" అని చెప్పటమే ఉద్యోగం. ఆ బాధంతా గట్టు మీదికొచ్చి తీర్చుకుంటుంది. ఏ ఓడ ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో చెప్పే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుంది. స్టూడియో తెరవకముందు, సెలవు రోజుల్లో, వెలుతురు బాగుంటే చాలు, ఇక్కడే ఉంటుంది. ఓడల ఫోటోలు తీసేవాళ్ళ గుంపొకటి ఇంటర్‌నెట్‌లో ఉంది. వాళ్ళలో ఆమెకి మంచి పేరుంది. ఇంట్లో మాత్రం దాన్ని ఓడల పిచ్చి అనే అంటారు.

"పొద్దున మీ మేనత్త రావటం కూడా తీశాను. చూస్తారా?" అంది, కాస్త మెత్తబడి.

కెమెరా వెనక చిన్న తెర మీద ఫోటో చూపించింది. మంచు ఇంకా విడలేదు. ఎర్రటి ఓడ దూదిలోంచి బయటికొస్తున్నట్టుంది. ముందొక టగ్గు, వెనకొక టగ్గు, చిన్నపిల్లలు పెద్దామె చేతులు పట్టుకుని నడిపిస్తున్నట్టు.

అతను చాలాసేపు చూశాడు. ఏదో చమత్కారం చేస్తాడని ఆమె ఎదురుచూసింది. 

"ఏం, బాలేదా?"

"ఇది మా ఓడేనా?"

"మీదే. పేరు కనబడుతోందిగా."

"ఇందులోనే ఏడాదిగా ఉంటున్నాను. ఇది కదులుతుంటే నేనెప్పుడూ చూడలేదు," అన్నాడతను. "రేవులోకి వచ్చేటప్పుడూ, బయటికి పోయేటప్పుడూ మేం ఇంజనీర్లం అందరం కిందే ఉండాలి. స్టాండ్‌బై అంటారు. కిటికీ ఉండదు. పైనుంచి స్లో అంటే స్లో, ఆపమంటే ఆపటం. లంగరేశారంటే ఏదో ఊరొచ్చిందనుకుంటాం." మళ్ళీ తెరలోకి చూశాడు. "ఇంత అందంగా ఉంటుందా ఇది?"

ఆమె అప్పటిదాకా ఎన్నో ఓడల్ని తీసింది. వాటి పొడవులు, వయసులు, పాత పేర్లు చెప్పగలదు. వాటి అడుగున కిటికీ లేని గదిలో ఒక మనిషి నిలబడి ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు.

"నంబర్ చెప్పండి, పంపిస్తాను," అంది. అన్నాక, కొత్తవాడి నంబర్ తనే అడిగినట్టయిందని తట్టి, సముద్రం వైపు తిరిగింది.

ఆ ఎర్ర ఓడ ఒకటే దారిలో తిరుగుతూ ఉండేది. కొన్ని వారాలకోసారి ఇక్కడికి వచ్చేది. అంతకుముందు మేనత్త ఆలస్యంగా వస్తే ఆమెకి నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు కోపం రావటం మొదలైంది.

"ఈసారి రెండు రోజులు లేటు," అంది ఒకసారి, అతను గట్టు మీదికి రాగానే.

"గాలి ఎదురైంది. నేనేం చెయ్యను?"

"ఇంజనీరు మీరేగా. కాస్త గట్టిగా తిప్పొచ్చుగా ఆ ఇంజను."

"చీఫ్‌గారితో చెబుతాను. ఒడ్డున స్టూడియోగారికి కోపమొచ్చింది, స్పీడు పెంచండి అని."

అలా వాళ్ళకి పిలుపులు కుదిరాయి. ఆమె అతన్ని థర్డ్‌గారు అనేది. అతను ఆమెని స్టూడియోగారు అనేవాడు. అసలు పేర్లు ఇద్దరికీ తెలుసు. పిలిస్తే ఏదో మారిపోతుందని ఇద్దరికీ భయం.

"ఒక్కటే లోటు," అందోసారి. "ఓడ వచ్చేటప్పుడు ముందు నిలబడ్డవాళ్ళు చెయ్యి ఊపుతారు. మీ వంటాయన కూడా ఊపుతాడు. నా దగ్గర మీ ఓడలో అందరి ఫోటోలూ ఉన్నాయి, మీది తప్ప."

"నన్ను తియ్యాలంటే నీళ్ళలోకి దిగి ఓడ పొట్టకి కెమెరా ఆనించి తియ్యాలి."

"ఎక్స్‌రే అవుతుందది."

"పర్లేదు. లోపల ఎవరున్నారో కూడా కనబడుతుంది."

 ఆ మాటకి ఆమె బదులు చెప్పాల్సిన అవసరం లేకుండా వాన మొదలైంది. సముద్రం మీద వాన చెప్పే వస్తుంది. దూరంగా నీళ్ళు నల్లబడటం, అది పరుగెత్తుకుంటూ రావటం కనబడుతూనే ఉంటుంది, అయినా తప్పించుకోలేం. ఆమె కెమెరాని చున్నీలో చుట్టి పొట్టకి హత్తుకుంది. ఇద్దరూ గట్టు మొదట్లో ఉన్న ఐస్ ఫ్యాక్టరీ వైపు పరిగెత్తారు. దాని పక్కన రేకుల పంచ ఉంది, రెండు గజాల వెడల్పు. రేకుల మీద వాన చేసే గోలకి మాట వినబడటం లేదు.

అతను ఏదో అన్నాడు.

"ఏంటి?"

మళ్ళీ అన్నాడు. ఆమె చెవి దగ్గరికి తెచ్చింది.

"కెమెరా తడిసిందా అన్నాను."

"లేదు. మీరు తడిశారు."

"నన్నెవరూ చున్నీలో చుట్టలేదుగా."

ఆమె తల తిప్పుకుంది. చెంపలు వేడెక్కాయి. వాన తగ్గాక కూడా ఇద్దరూ ఆ పంచ కింద నుంచి కదలలేదు. వాన ఇంకా పడుతోందన్నట్టే నిలబడ్డారు.

ఆమె ఇంట్లో నలుగురు. నాన్న రేవులో క్రేన్ డ్రైవరు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని ఓడల మీది పెట్టెలు ఎత్తి దించుతాడు. అమ్మ పోయాక ఇద్దరు కూతుళ్ళనీ ఆయనే పెంచాడు. అక్కకి పెళ్ళయింది, ఒక పాప. బావది కూడా ఓడ మీద ఉద్యోగమే, చమురు ఓడలో. ఆయన సముద్రం మీదున్నన్నాళ్ళూ అక్క పుట్టింట్లోనే ఉంటుంది.

అక్క సణుగుడు ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడులాంటిది. "పాపకి పళ్ళొచ్చాయి, ఆయన లేరు. జ్వరమొచ్చింది, ఆయన లేరు. ఫోన్ చేస్తే హలో అనేసరికి సిగ్నల్ పోతుంది. పెళ్ళి చేసుకున్నది మనిషినా, సిగ్నల్‌నా?" అంటూ గుడ్డలు ఆరేసేది. చెల్లెలు వింటూ పాపకి అన్నం కలిపేది.

"ఈమధ్య అన్నీ మేనత్త ఫోటోలే తీస్తున్నావు," అన్నాడు నాన్న ఒకసారి, ఆమె కంప్యూటర్‌లోకి తొంగిచూసి. "మిగతా ఓడలు రావటం మానేశాయా?"

"దాని రంగు బాగా పడుతుంది నాన్నా."

"అవునవును, రంగు," అని అక్క అటునుంచి దగ్గింది. అంతకుమించి ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ ఏడాది చివర్లో ఒకరోజు అతను గట్టు మీదికి కాకుండా స్టూడియోకి వచ్చాడు. కొత్త గుర్తింపు కార్డుకి ఫోటో కావాలన్నాడు. ఓనరుగారు లోపల ప్రింట్లు కత్తిరిస్తున్నారు. ఆమె అతన్ని తెల్ల తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టింది.

"గడ్డం కాస్త పైకి. భుజాలు దించండి. నవ్వకండి."

అతను నవ్వాడు.

"నవ్వొద్దన్నాను."

"మీరు అంత సీరియస్‌గా చెబితే నవ్వు రాదా?"

మళ్ళీ తీసింది. మళ్ళీ పాడైంది. లోపలినుంచి ఓనరుగారి కత్తెర చప్పుడు ఆగింది. ఆమె కళ్ళతోనే అతన్ని కోప్పడింది.

"మిమ్మల్నొకటి అడగాలి," అన్నాడతను గొంతు తగ్గించి. "అడిగేస్తే ఇక నవ్వు రాదులెండి."

ఆమె వేళ్ళు కెమెరా మీదే ఉన్నాయి.

"నా కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంటికెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడాలి. ఏం మాట్లాడాలో మీరు చెప్పాలి."  "మీ నాన్నగారి దగ్గరికి నేనే వస్తాను. ముందు మీకు ఇష్టమో కాదో తెలియాలి కదా. ఇప్పుడే చెప్పక్కర్లేదు. రేపు మధ్యాహ్నం మా ఓడ వెళ్తుంది. చీఫ్‌ని బతిమాలాను. ఒప్పుకోనే ఒప్పుకోడు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు కదా సార్ అంటే, చివరికి సరేనన్నాడు. గట్టు దాటేటప్పుడు కాసేపు పైకొస్తాను. మీరు గట్టు చివర, ఆ దీపస్తంభం కింద నిలబడితే చాలు. చెయ్యి కూడా ఊపక్కర్లేదు. నిలబడితే నాకు అర్థమవుతుంది."

"నిలబడకపోతే?"

"అది అప్పుడు చూసుకుందాం."

ఆమె బటన్ నొక్కింది. ఆ ఫోటోలో అతను నవ్వలేదు. ఆఫీసువాళ్ళకి అది పనికొచ్చింది.

ఆ రాత్రి ఆమె బాగానే నిద్రపోయింది. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది. గట్టు మీద గాలికి చీర కుదరదని మళ్ళీ మానుకుంది.

పొద్దున్నే బావ దగ్గరినుంచి ఫోనొచ్చింది. అతని బదులు రావలసినవాడు రాలేదట. ఇంకో మూడు నెలలు ఓడ దిగటం కుదరదట. అక్క ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. భుజాలు కదులుతున్నాయి. పాప ఏడుస్తుంటే నాన్న ఎత్తుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సముద్రం మీద బతికేవాడికి పిల్లనిచ్చాను," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు. "బుద్ధొచ్చింది. రెండోసారి ఆ పొరపాటు చెయ్యను."

ఆమె చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

అయినా వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. బస్సు దిగి గట్టు మొదట్లో ఆగింది. దీపస్తంభం దాకా అక్కడినుంచి నేరుగా రాళ్ళ బాట. మధ్యలో ఎవరూ లేరు. ఎండ బాగా కాస్తోంది. రెండుసార్లు ముందుకి నడిచి రెండుసార్లు వెనక్కొచ్చింది. గిన్నెలు కడుగుతున్న అక్క వీపు కళ్ళముందు ఆడుతోంది. పదేళ్ళ తర్వాత ఆ సింకు ముందు తనే నిలబడి ఉన్నట్టు, తన పాపని నాన్న మళ్ళీ అలాగే ఎత్తుకు తిప్పుతున్నట్టు అనిపించింది.

రేవులోపల హారన్ మోగింది. మేనత్త కదిలింది.

ఆమె ఐస్ ఫ్యాక్టరీ పంచ కిందికి వెళ్ళి దాని గుంజ వెనక నిలబడింది. ఎందుకలా చేసిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆమెకి తెలియలేదు. కెమెరా తీసి కంటికి ఆనించుకుంది. చేతులకి తెలిసిన పని అదొక్కటే.

ఎర్రటి గోడలా ఓడ మెల్లగా ముందుకొచ్చింది. లెన్సులోంచి చూస్తే అన్నీ చేతికందేటంత దగ్గర. వంటాయన చెయ్యి ఊపుతున్నాడు. తాళ్ళు చుడుతున్నవాళ్ళు కనబడ్డారు. వెనకవైపు కమ్మీల దగ్గర, నూనె మరకల నీలం దుస్తుల్లో, అతను. పరుగున వచ్చినట్టున్నాడు, ఛాతీ ఎగసిపడుతోంది. వెలుతురికి అలవాటు లేక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. దీపస్తంభం కింద చూశాడు. గట్టు పొడుగునా చూశాడు. మళ్ళీ దీపస్తంభం కింద చూశాడు.

వెళ్ళాలంటే ఇంకా టైముంది. పంచలోంచి బయటికి రెండడుగులు వేస్తే చాలు.

ఆమె బటన్ నొక్కింది. నొక్కుతూనే ఉంది. ఒక్క క్షణం అతని మొహం ఇటువైపు తిరిగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి ఇనుప తలుపులోంచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె దగ్గర లేని ఫోటో అలా ఆమెకి దొరికింది.

ఆ ఫోటోని అక్క చూసింది. కొన్ని వారాల తర్వాత, పాప బొమ్మలు వెతుకుతూ కంప్యూటర్ తెరిస్తే కనబడింది.

"ఎవరే ఇతను?"

ఆమె చెప్పింది. ముందు ఏదో కల్పిద్దామనుకుంది గానీ, కుదరలేదు. అక్క మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"నా మొహం చూసి మానేశావా?"

"నువ్వు ఏడుస్తున్నావు కదక్కా, ఆ పొద్దున."

"ఏడవనా మరి? మొగుడొస్తాడని పక్కబట్టలు ఉతికి పెట్టుకుంటే మూడు నెలలు రానంటే ఏడవనా? ఏడ్చి, మధ్యాహ్నం ఆయనకి ఫోన్ చేసి నాలుగు తిట్టి, ఆయన బతిమాలితే నవ్వాను. అది నువ్వు చూశావా? నువ్వు ఇంట్లో లేవు." అక్క గొంతు పెరిగింది. పాప నిద్రలో కదిలితే మళ్ళీ తగ్గించింది. "నేను సణుగుతాను. సణగటం నా హక్కు. ఆయన్ని చేసుకోకుండా ఉండాల్సిందని ఏ రోజైనా అన్నానా?"

అనలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట అక్క ఎప్పుడూ అనలేదు.

"చూడు, నిన్నే చూస్తున్నాడు," అంది అక్క ఫోటో దగ్గరికి వంగి.

"లేదు. ఊరికే ఇటు తిరిగాడు."

"సరేలే. ఫోన్ తీసి అతనికి ఉన్నది ఉన్నట్టు రాయి."

రాసింది. పెద్దగా రాసింది. చదువుకుంటే సిగ్గేసింది. చెరిపేసి "బాగున్నారా? మళ్ళీ ఎప్పుడొస్తున్నారు?" అని పంపింది. మర్నాడు జవాబొచ్చింది. "బాగున్నానండి. ఆ ఓడ దిగేశాను. సెలవు అయ్యాక వేరే ఓడకి వేస్తున్నారు. అటువైపు వస్తుందో లేదో తెలియదు. మీ ఫోటోలు చూస్తూనే ఉంటాను. చాలా బాగుంటాయి."

ఆ "బాగున్నానండి" దగ్గరే ఆమె ఆగిపోయింది. అంత మర్యాదగా రాసినవాడికి ఏమని చెబుతుంది? ఎదురుగా ఉంటే చెప్పొచ్చు. ఎదురుగా ఉన్నప్పుడే చెప్పాలి అనుకుంది. అతని కొత్త ఓడ పేరు కనుక్కుని యాప్‌లో పెట్టుకుంది. చిన్న నీలం చుక్క. ఏ సముద్రాల్లోనో పాకుతూ ఉండేది. రోజూ పొద్దున్నే చూసేది. ఓడ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఈ రేవుకి రాక మానదు, గట్టు మీద ఓపిగ్గా నిలబడితే చాలు అన్నది ఆమెకి అలవాటైన నమ్మకం. ఏ ఓడకోసమైనా ఆమె అలాగే ఎదురుచూసింది. మనిషికోసం కూడా అలాగే చూసింది.

రెండేళ్ళు దాటాక ఆ చుక్క ఇటు తిరిగింది.

పెద్ద నీలం ఓడ. అది రేవులోకి వచ్చేటప్పుడు ఆమె గట్టు మీద లేదు. స్టూడియోలో పనుంది. పనుందని చెప్పుకుంది. మధ్యాహ్నం తలుపు తోసుకుని అతనే వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు. జుట్టు కత్తిరింపు మారింది.

"నమస్తే స్టూడియోగారూ. ఫోటో తీస్తారా? సెకండ్ ఇంజనీర్ని అయ్యాను, కార్డు మార్చాలి."

"కూర్చోండి థర్డ్‌గారూ." నాలిక్కరుచుకుంది. "సెకండ్‌గారూ."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. నవ్వకండి అని చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్క దెబ్బలో ఫోటో వచ్చింది.

"బాగా వచ్చిందా?" అన్నాడు లేస్తూ. "మా ఆవిడకి ఈ ఫోటోలు నచ్చవు. జైలుకి పోయేవాడిలా ఉంటానంటుంది."

ఆమె ప్రింటరు వైపు తిరిగింది. కాగితం బయటికి రావటానికి చాలాసేపు పట్టింది.

"పెళ్ళెప్పుడయింది?"

"మొన్న ఎండాకాలంలో. పిలుద్దామనుకున్నాను, కానీ..." అని ఆగిపోయాడు.

"సంతోషం," అంది. ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చింది.  అంత మామూలుగా ఇచ్చినందుకు తనమీద తనకే ఆశ్చర్యమేసింది.

అతను తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మీరెప్పుడైనా ఓడ లోపలికి వచ్చారా?"

"లేదు. బయటినుంచి చూడటమే."

"సాయంత్రం నేను డ్యూటీ దిగాక రండి, పాస్ రాయిస్తాను. మీకు చూపించాల్సింది కదా ఎప్పుడో."

వెళ్ళకూడదు అనుకుంది. రెండేళ్ళు మోసిన మాటని ఇక ఎక్కడ దించాలో తెలియక వెళ్ళింది.

ఓడ పక్కన నిటారుగా వేలాడే మెట్లు. పైకి వెళ్ళి, మళ్ళీ లోపల కిందికి, ఇంకా కిందికి. గోడలు వెచ్చగా ఉన్నాయి. నూనె వాసన. అడుగడుగునా అతను "తల జాగ్రత్త" అంటూ నడిచాడు. చివరికి ఒక గదిలోకి తీసుకెళ్ళాడు. చుట్టూ మీటర్లు, బల్లనిండా బటన్లు, గోడకి గడియారం. కిటికీ లేదు.

"ఇదిగో, నేనుండేది ఇక్కడే. ఇలాంటి గదిలోనే," అన్నాడు.

ఆమె ఆ బల్ల ముందు నిలబడి చూసింది. రేవు చప్పుడేదీ వినబడటం లేదు. బయట ఎండో వానో తెలియదు. ఇక్కడినుంచి పైకి, ఆ మెట్లన్నీ ఎక్కి, ఆరోజు అతను పరిగెత్తి వచ్చాడు.

"ఆ రోజు నేను వచ్చాను," అంది మీటర్ల వైపే చూస్తూ. "గట్టు మీదికి. దీపం దాకా రాలేదు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాను."

"తెలుసు."

ఆమె తిరిగి చూసింది.

"లెన్సు మీద ఎండ పడింది. మెరిసింది," అన్నాడతను నెమ్మదిగా. "ఆ పంచ కింద అంత పొడవు లెన్సు ఇంకెవరి దగ్గరుంటుంది? మీరు కనబడ్డారు. అసలు రాకపోయుంటే బస్సు దొరకలేదేమో అనుకునేవాణ్ణి. వచ్చేసారి మళ్ళీ అడిగేవాణ్ణి. దానికి సిద్ధపడే పైకొచ్చాను. మీరు వచ్చి దాక్కున్నారు. కాదని అంతకంటే మర్యాదగా ఎవరు చెబుతారు అనుకున్నాను."

"నేను కాదని చెప్పలేదు."

"మరేం చెప్పారు?"

 ఏమీ చెప్పలేదన్నది నిజం. అక్క గురించీ, ఆ పొద్దున గురించీ, రాసి చెరిపేసిన మెసేజ్ గురించీ చెప్పింది. అతను బల్ల అంచుని పట్టుకుని విన్నాడు.

"నాకు పంపి ఉండాల్సింది అది," అన్నాడు చివరికి.

"మీరు కూడా ఒక్కసారి అడిగి ఉండాల్సింది."

"అవును. అడిగి ఉండాల్సింది."

 ఎక్కడో కింద ఒక మోటారు ఆగి మళ్ళీ మొదలైంది. అతను అలవాటుగా ఒక మీటరు వంక చూశాడు.

"మీ ఆవిడ ఎలాంటివారు?" అంది ఆమె.

"మంచిది. నవ్విస్తుంది. పిల్లలకి లెక్కలు చెబుతుంది." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం తేటపడింది. అది చూసి ఆమెకి నొప్పి కలిగింది. ఆ నొప్పితోపాటే, ఇతను బాగానే ఉన్నాడన్న చిన్న నెమ్మది కూడా కలిగింది. ఆ రెండూ ఒకేసారి వస్తాయని ఆమెకి అంతకుముందు తెలియదు.

మెట్ల దగ్గర ఆమెని పేరుపెట్టి పిలిచాడు. మొదటిసారి. "జాగ్రత్తగా దిగండి, తడిగా ఉన్నాయి," అన్నాడు. ఆమె తాడు పట్టుకుని దిగింది. వెనక్కి చూడలేదు. కింద చూసుకోకపోతే పడిపోతుంది.

రేవు గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని. షిఫ్టు అప్పుడే దిగినట్టున్నాడు.

"ఆ నీలం ఓడ ఎక్కింది నువ్వేనా అని పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఏం పని అక్కడ?"

"తెలిసినవాళ్ళున్నారు నాన్నా."

"ఎవరు?"

లారీలు పోతున్న రోడ్డు పక్కన నడుస్తూ ఆమె చెప్పింది. చెప్పటానికి పెద్దగా టైము పట్టలేదు. ఇన్నాళ్ళు మోసింది ఇంతేనా అనిపించింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఆగి నిలబడ్డాడు.

"నాతో ఒక్క ముక్క అనలేదే."

"నువ్వే అన్నావు కదా నాన్నా. ఆ పొద్దున. రెండోసారి ఆ పొరపాటు చెయ్యనని."

"నేనా?" ఆయన గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నుదురు ముడిపడింది. ఎంత వెతికినా దొరకలేదు. "అనుంటాను. అల్లుడు రావట్లేదన్న కోపంలో ఏదో అనుంటాను. అది పట్టుకున్నావా?"

"నిజంగా వచ్చి అడిగితే ఏమనేవాడివి?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "వద్దనేవాణ్ణే. నాలుగు రోజులు అలిగి నీతో మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి ఇంటికి తీసుకురమ్మనేవాణ్ణి. అంతేగా. కెమెరా కొంటానంటే వద్దన్నాను. గట్టు మీదికి ఒక్కదానివే వెళ్ళొద్దన్నాను. ఏ రోజన్నా నా మాట విన్నావా తల్లీ?"

"దీనికొక్కదానికే విన్నాను నాన్నా," అందామె. "నువ్వు వద్దనకముందే."

 నాన్న ఆమె భుజం మీది సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. బస్సు రావటానికి ఇంకా టైముంది. అయినా ఇద్దరూ త్వరత్వరగా నడిచారు.